చుక్కలు లేని ఊరు: హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఒక రోజు

నాది పటాలు గీసే పని. మలేరియా అని తేలిన రోగుల పేర్లు, చిరునామాలు ఆసుపత్రి రిజిస్టర్లలోంచి తీసుకుని, ఆ ఇళ్ల ముందుదాకా వెళ్లి, అరచేతిలో పట్టే జీపీఎస్ యంత్రంతో అవి ఎక్కడున్నాయో నమోదు చేసుకుని, కంప్యూటరులో ఒక్కో రోగికి ఒక్కో ఎర్రచుక్క పెడతాను. చుక్కలు గుంపుగా ఉన్న చోటికి దోమల మందు కొట్టే మనుషులు ముందు వెళతారు. చుక్క లేని ఊరికి ఎవరూ వెళ్లరు. 2007లో వానలు వెనకబట్టాక ఒక శుక్రవారం సాయంత్రం నేను గీసిన పటమే నాకు నచ్చలేదు. పరిగికీ పెనుకొండకీ మధ్య, పెన్నలో కలిసే ఒక వంక ఒడ్డున ఉన్న ఊళ్లన్నిటికీ చుక్కలున్నాయి, మధ్యలో ఒక్క ఊరికి మాత్రం లేదు. దోమలు ఆ ఊరి పొలిమేరలో ఆగి వెనక్కి తిరుగుతాయా? ఇంకోవైపు, వంకా వాగూ లేని ధర్మవరంలో ఒక మగ్గాల వీధిలో చుక్కల మీద చుక్కలు, అన్నీ దాదాపు ఒకే ఇంటి చుట్టూ.

నేను పుట్టుకతోనే అనుమానపు మనిషిని. పాలవాడు నవ్వితే పాలలో నీళ్లెన్ని పోశాడో చూసుకునే రకం. ఆ చుక్కలు లేని ఊరి బాధ్యత మేరమ్మ అనే నర్సమ్మది. వారం వారం ఊరికి వెళ్లినట్టు సంతకాలున్నాయి, జ్వరాల గడిలో మాత్రం సున్నాలే. ఇంట్లో కూర్చుని సంతకాలు పెడుతోందని నేను తేల్చేసుకున్నాను. సోమవారం నా పటం చూసి ఆఫీసులో ఊళ్ల జాబితా రాస్తారు. అందులో లేని ఊరి గతి మళ్లీ వచ్చే వానల దాకా అంతే. శనివారం ఒక్కరోజులో హిందూపురం, ఆ పల్లె, ధర్మవరం మూడూ తిరిగి ఆమెను పట్టుకుందామని బయల్దేరాను. ఈ దారిలో వెళ్లాలనుకునే వాళ్లకు పనికొస్తుందని వివరాలన్నీ రాస్తున్నాను. ఆ పల్లె పేరు మాత్రం రాయను.

శుక్రవారం రాత్రికే హిందూపురం చేరి స్టేషను దగ్గర లాడ్జిలో దిగాను. గది నూటయాభై, దోమలు ఉచితం. పొద్దున్నే లేచి చేతులకూ మెడకూ దోమల క్రీమ్ దట్టంగా పూసుకున్నాను, మలేరియా పటాలు గీసేవాడికే మలేరియా వస్తే నవ్వులపాలు కదా. కింద హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని, ఏడు గంటలకు పట్టుగూళ్ల మార్కెట్‌కి ఆటో ఎక్కాను. ఆటో అతను అద్దంలోంచి నన్ను రెండుసార్లు చూశాడు.

"గూళ్లు కొంటాండారా సార్, అమ్ముతాండారా?"

"రెండూ కాదు, చూడటానికి."

"ఊరికే చూసేకి ఎవరొస్తారు సార్ ఈడికి? దుడ్లు పెట్టేవాడన్నా రావల్ల, ఆఫీసరన్నా రావల్ల."

మార్కెట్ చూడాలనుకుంటే ఎనిమిదిలోపే వెళ్లండి. పొడవాటి హాల్లో వరసగా తొట్లు, వాటి నిండా పసుపు, తెలుపు గూళ్లు, వేలం పిలుపులు, కన్నడం తెలుగూ కలిసిపోయిన బేరాలు. గూళ్లను చెవి దగ్గర పెట్టి ఆడించి వింటారు. నేను వెళ్లింది చోద్యం చూడటానికి కాదు. ఆ పల్లెలో ఇంటింటా పట్టుపురుగులు పెంచుతారని విన్నాను, ఆ ఊరి మనిషి ఒకడైనా దొరక్కపోతాడా అని. దొరికాడు. యాభై ఏళ్ల రైతు, తెల్లచొక్కా, జేబులో సెల్‌ఫోను. ఊరి పేరు చెప్పి, అక్కడ జ్వరాలెలా ఉన్నాయని అడిగాను.

"మా ఊర్లో జొరాలా? మా ఊర్లో జొరాలు లేవప్పా," అన్నాడు. నేను ప్రశ్న ముగించక ముందే వచ్చింది జవాబు.

"ఒక్కరికి కూడా లేదా?"

"ఒగరిక్కూడా లేదు. మీరెవరు, ఎవరు పంపినారు?" అని నా మెడలోని జీపీఎస్ వైపు చూశాడు. చెప్పాను. అతను తల ఊపి, తొట్టి వదిలేసి, స్తంభం వెనక్కి వెళ్లి ఫోను చేసుకున్నాడు. మాటలు వినబడలేదు గానీ మధ్యమధ్య నా వైపు చూడటం కనబడింది. అబద్ధమాడుతున్నాడని నాకు అప్పుడే రూఢి అయింది. ఎందుకన్నదే అర్థం కాలేదు.

హిందూపురం నుంచి పెనుకొండకి బస్సులు అరగంటకొకటి ఉంటాయి. టికెట్టు ఇరవై లోపే, ప్రయాణం గంట పైచిలుకు. కుడి చేతి కిటికీ దగ్గర కూర్చోకండి, పొద్దుటెండ మొహం మీదే. పెనుకొండ కొండ కనబడిన పావుగంటకు బస్టాండు వస్తుంది. ముందు రోజు ఫోనులో చెప్పాను కాబట్టి మేరమ్మ అక్కడే ఉంది. యాభై దాటిన మనిషి, మెడలో సన్న గొలుసుకు చిన్న సిలువ, భుజాన రక్తపరీక్ష గాజుపలకల సంచి, చేతిలో గొడుగు. కాళ్ల మధ్య మూతపెట్టిన ఐదు లీటర్ల నూనె క్యాను. మూతకు మేకుతో పొడిచిన చిల్లులున్నాయి.

"ఆ ఊరికి ఈ పొద్దు వద్దు సార్, ఇంగో వారం పోదాం. గోరంట్ల వైపు కేసులుండాయి, ఆడికి పోదాం పాండి," అంది, నమస్కారం కూడా పూర్తి కాకుండానే.

"ఈరోజే. ఆ ఊరికే," అన్నాను.

ఆమె క్యాను దగ్గరికి లాక్కుంది. అందులో ఏముందని అడిగితే నీళ్లంది. తాగే నీళ్లకు చిల్లుల మూత ఎందుకో అడగలేదు, మనసులో రాసుకున్నాను. పరిగి వైపు పోయే పల్లె బస్సు పదిన్నరకు. దానికి కచ్చితమైన వేళ లేదు, నిండితే కదులుతుంది. గతుకుల్లో క్యానులోంచి నీళ్లు చిమ్మి ఒకాయన పంచె తడిస్తే కండక్టరు విసుక్కున్నాడు: "ఏమమ్మా, వారం వారం ఈ క్యాను ఏంది నీకు?" మేరమ్మ చీర చెంగుతో మూత కప్పింది. వారం వారం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అంటే ఈమె నిజంగానే వెళుతోంది. వెళ్లి, జ్వరాలు చూసి, సున్నాలు వేస్తోందన్నమాట. ఇంట్లో కూర్చోవడం కంటే అది ఇంకా పెద్ద తప్పుగా తోచింది.

దిగాక మల్బరీ తోటల మధ్య రెండు కిలోమీటర్ల నడక. వంకలో ప్రవాహం లేదు, ఇసుక తోడిన గుంతల్లో నీళ్లు నిలిచున్నాయి. ఒక గుంతలో వంగి చూస్తే దోమపిల్లలు సన్న పుల్లల్లా నీటి పైన తేలుతున్నాయి. ఊళ్లోకి వెళ్లేసరికి వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. మార్కెట్‌లోని రైతు ఫోను ఇక్కడికే వచ్చిందన్నమాట. గడప గడపకూ సున్నం గీత, దాని ముందు బ్లీచింగ్ నీళ్లలో తడిపిన గోనెపట్ట. ఒక్క ఇంటి అరుగు మీద మాత్రం ఒక ముసలామె కూర్చుని మల్బరీ ఆకు తరుగుతోంది. గంగమ్మవ్వ అని మేరమ్మ చెప్పింది. నేను అరుగు ఎక్కబోయాను.

"ఆడనే నిలబడప్పా," అంది అవ్వ. ముక్కు ఎగబీల్చి, "ఏం పూసుకోనొచ్చినావు ఒంటికి?" అని అడిగింది.

"దోమలు కుట్టకుండా క్రీమ్ అవ్వా."

"దిగు. అరుగు దిగు ముందు. లోపల పురుగు నాలుగో జొరం లేసి ఆకు తింటాండాది. ఆ గాలి తగిల్తే అంతా పోతాది."

పురుగు చర్మం విడిచే ముందు పడుకునే నిద్రను ఇక్కడ జ్వరం అంటారని మేరమ్మ వివరించింది. మనుషులకు ఒక్కటీ లేని ఊళ్లో పురుగులకు మాత్రం లెక్క తప్పకుండా నాలుగు జ్వరాలు వస్తాయట. నాకు ఒళ్లు మండింది. లోపల ఏదో దాస్తున్నారు, వాసన ఒక సాకు అనుకున్నాను. వీధిలోనే నిలబడి మెడ చాచి కిటికీలోంచి చూశాను. చీకట్లో తట్టల వరసలు, వాన పడుతున్నట్టు ఆకు నమిలే చప్పుడు. కిటికీ పక్కన మేకుకు ఒక మందుల చీటీ గుచ్చి ఉంది, దాని కింద సగం వాడిన మాత్రల అట్ట. ఆ మాత్రలు నాకు బాగా తెలుసు, మలేరియాకి ఇచ్చేవే. చీటీ మీద పేరు సుజాత. ఊరు ధర్మవరం, కింద వీధి పేరు. నా సంచిలోంచి జాబితా తీశాను. ధర్మవరం మగ్గాల వీధి చుక్కల్లో ఆ పేరుంది.

"సుజాత ఎవరవ్వా?"

"నా మనవరాలు," అనేసి, వెంటనే, "ఆయమ్మి ఈడ ఉండదు, ధర్మారంలో ఉంటాది," అంది అవ్వ. కత్తిపీట మీద చేయి ఆగిపోయింది.

నేను మేరమ్మ వైపు తిరిగాను. గొంతు పెంచాననే చెప్పాలి. ఈ ఊరి జ్వరాలన్నీ ధర్మవరం లెక్కలో ఎందుకున్నాయి, ఆ చిరునామా ఎవరు రాయించారు, వారం వారం ఆ క్యానులో ఏం మోస్తున్నారు అని వీధి మధ్యలో నిలదీశాను. ఒక తలుపు సందులోంచి ఎవరో చూస్తున్నారు. మేరమ్మ క్యాను ఎత్తుకుని ఊరి వెనక బావి వైపు నడిచింది. వెంట వెళ్లాను.

బావి దగ్గర మూత తీసింది. గోరంత చేపలు, వందో రెండు వందలో, నీళ్లలో గిరగిర తిరుగుతున్నాయి. దోమపిల్లలను తినే చేపలు. పెనుకొండలో తనకు తెలిసిన ఒకరి తొట్టిలో పెంచుతోందట. మెట్లు దిగి, క్యానును నీటి దాకా వంచి మెల్లగా వదిలింది.

"ఐదో బావి సార్ ఇది. ఇంగ మూడుండాయి, మళ్లా వంకలో గుంతలు. ఒగదాన్ని, ఎన్ని మోసేది?"

"ఇది ఆఫీసుకి చెప్పి చేయొచ్చు కదా?"

"చెప్తే ఏమంటారు? కేసులుండాయా అంటారు. ఉండాయంటే మందు మిషన్లు పంపుతారు." ఆమె మెట్టు మీద కూర్చుంది. "ఆరేండ్ల కిందట ఇట్లనే ఈ ఊర్లో జొరాలు లేసినాయి. మందు కొట్టినారు. పురుగులుండాయి వద్దని మొత్తుకున్నా ఇన్లేదు, తట్టలు బయట పెట్టుకోండి అన్నారు. యాడ పెడతారు సార్? ఒగ దినంలో ఊరంతా పురుగు నల్లబడి సచ్చిపాయ. తట్టలు తట్టలు దిబ్బకు మోసినారు. గంగమ్మవ్వ కొడుకు ఆ పొద్దు బెంగుళూరికి కూలికి పోయినోడు, ఇంగా రాలేదు. ఆ పొద్దు జొరాలని రాసిచ్చింది నేనే సార్. నా చేత్తోనే."

ఆ తర్వాత ఊరు కట్టు కట్టుకుంది. జ్వరం వస్తే ఊరి పేరు చెప్పకూడదు, ధర్మవరంలో బంధువుల ఇంటికి పోయి అక్కడి చిరునామాతో రక్తం ఇవ్వాలి. ఇళ్లలో దోమల చుట్ట కూడా వెలిగించరు, పొగకు పురుగు చస్తుందని. మందు వద్దు, చుట్ట వద్దు, పేరు వద్దు. మొదట మేరమ్మ బతిమాలింది, తర్వాత తనూ కలిసిపోయింది. చిరునామాలు రాయించింది ఆమే. ఇది బయటపడితే ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. పట్టుకుందామని వచ్చిన మనిషిని ఎదురుగానే పట్టుకున్నాను, నాకేమో సిగ్గేసింది.

"ఆ పటంలో చుక్క పెడితే మందని కదా సార్ అర్థం?" అంది. "చేపలని అర్థమొచ్చే చుక్క యాడన్నా ఉండాదా?"

లేదు. నేనే గీసిన పటం, నేనే పెట్టిన గుర్తులు, ఆ ప్రశ్న ఈ పనిలో చేరిన రెండేళ్లలో నాకు ఒక్కసారీ రాలేదు.

తిరిగి పెనుకొండ చేరేసరికి ఒంటిగంటన్నర. బస్టాండు వెనక మెస్సులో సంగటి, పప్పు, ఊరిబిండి పచ్చడి పెడతారు, కడుపునిండా పదిహేను రూపాయలు. వడ్డించే ఆవిడ మొహమాటపడనివ్వదు. స్టేషను ఊరికి దూరం కాబట్టి షేర్ ఆటోకి మరో అరగంట చేతిలో ఉంచుకోండి. ధర్మవరం ప్యాసింజరు టికెట్టు సినిమా నేల టికెట్టంత కూడా ఉండదు గానీ టైము మాత్రం దాని ఇష్టం. నేను ఎక్కిన రోజు గంట ఆలస్యం. ఆ గంటంతా బెంచీ మీద కూర్చుని మేరమ్మను నమ్మాలా వద్దా అని తర్కించుకున్నాను. ఏడుపు గొంతుతో చెప్పిన కథ ఎంతైనా కథే. ధర్మవరం వీధి కూడా చూస్తే గానీ మనసు ఒప్పుకోలేదు.

ఐదు గంటలకు ధర్మవరం. స్టేషను నుంచి ఆ వీధికి నడకే, ఇరవై నిమిషాలు. మగ్గాల చప్పుడు వింటూ పోతే దారి అడగనక్కర్లేదు. చుక్కల మధ్యనున్న ఇల్లు సుజాత పెద్దమ్మది. రెండు గుంట మగ్గాలు, నేయడానికి నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని పెద్దమ్మ కూర్చుంది. టార్చితో గుంతలు చూశాను, పొడిగా ఉన్నాయి. పెరట్లో తొట్టి తోమి బోర్లించి ఉంది. వీధిలో మరో నాలుగిళ్లు చూశాను, ఎక్కడా ఆ దోమపిల్లలు లేవు.

"మీ ఇంట్లో ఇంతమందికి మలేరియా ఎలా వచ్చిందమ్మా?" అని అడిగాను.

"మాకు యాడొచ్చింది సార్?" అంది పెద్దమ్మ, చేతిలో పని ఆపకుండానే. "మాకెవరికీ రాలేదు. మా ఇంటికొచ్చే సుట్టాలకే వస్తాది," అని, అన్న తర్వాత నాలిక కరుచుకుంది.

సుజాత గోడవార చాప మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఇరవై ఏళ్లు ఉంటాయేమో, ఏడో నెల కడుపు. చలిజ్వరం రెండోసారి తిరగబెట్టిందట. ఊరిలో కొన్ని మాత్రలు వేసుకుని, మిగతావి మేకుకే వదిలేసి వచ్చింది. కడుపుతో ఉన్న మనిషికి ఈ జ్వరం ఎంత ప్రమాదమో నాకు తెలుసు. ఏ ఊరమ్మా అని అడిగాను.

"ధర్మారమే సార్." వీధి పేరు, ఇంటి నంబరు గడగడా చెప్పింది.

"నేను మీ అవ్వను చూసి వస్తున్నాను. పురుగులు నాలుగో జ్వరం లేచాయి, ఆకు బాగా తింటున్నాయి."

ఆ పిల్ల మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. తల్లినో తండ్రినో చూశానని చెప్పినా అంత సంతోషించేది కాదేమో. "తట్టలు ఎన్ని పెట్టినారు సార్? ఆకు సాలుతాండాదా?" అని అడిగి, అంతలోనే నా మెడలోని యంత్రం చూసి ఆగిపోయింది. "దాంట్లో మా ఊరు పెట్టుకుంటే, మందు మిషన్లు వస్తాయా సార్?"

రావని చెప్పేస్తే అబద్ధమవుతుంది. "రాకుండా చూస్తాను. కానీ మాట ఇవ్వలేనమ్మా. జాబితా రాసేది నేను కాదు."

"అట్లయితే ఈ ఊరే రాసుకో సార్," అంది సుజాత, దుప్పటి భుజాల మీదికి లాక్కుంటూ. "నాకేమైనా ఈడనే కానీ."

నేను ఆ ఇంట్లో యంత్రం బటన్ నొక్కలేదు. మాత్రలు మొత్తం వాడాలని, పెద్దాసుపత్రిలో చూపించాలని పెద్దమ్మ చేత రెండుసార్లు చెప్పించుకుని బయటపడ్డాను. ఆదివారమంతా కంప్యూటరు ముందు కూర్చుని ఆ వీధి చుక్కలు ఒక్కొక్కటే తీసేశాను. వాటిని పల్లెలో పెట్టాను, ఎర్రగా కాదు, నీలంగా. పక్కన కొత్త గుర్తు రాశాను: నీలం అంటే పట్టుపురుగులున్న ఊరు, మందు కొట్టరాదు, బావుల్లో గుంతల్లో చేపలు వదలాలి. సోమవారం ఆఫీసులో, మా ఆఫీసరు నీలం చుక్క పక్కన "మందు వద్దు" అని రాసి సంతకం పెడితేనే పటం ఇస్తానని భీష్మించుకుని కూర్చున్నాను. ఉద్యోగం మీద విసుగెత్తిందా అని అడిగారు. మధ్యాహ్నానికి సంతకం పెట్టారు. చిరునామాలు ఎవరు మార్చారని అడిగితే, నేను రాసుకోవడంలో పొరపాటు జరిగిందన్నాను. ఈ ప్రయాణంలో నేనాడిన అబద్ధం అదొక్కటే, మళ్లీ ఆడమన్నా ఆడతాను.

సంతకాన్ని నేను నమ్మలేదు. మూడు వారాలు రోజూ అనుమానమే. తర్వాత మేరమ్మ ఫోను చేసింది. ఊళ్లోకి డ్రమ్ములతో ఆఫీసు జీపు వచ్చిందట. తలుపులన్నీ టపటపా పడ్డాయట. గంగమ్మవ్వ ఒక్కతే కర్ర పట్టుకుని జీపు చుట్టూ తిరిగి, ప్రతి డ్రమ్ము దగ్గరా వంగి వాసన చూసి, "చేపలే, తలుపులు తీయండ్రే," అని కేకేసిందట. ఆ వారమే సుజాత ఊరికి తిరిగొచ్చి, జ్వరం పూర్తిగా పోయిందో లేదో చూడమని రక్తం ఇచ్చిందని, ఊరు అన్న గడిలో మేరమ్మ చేతిలోంచి పెన్ను లాక్కుని పల్లె పేరు తనే రాసిందని చెప్పింది.

అనుమానం మంచిదేనని ఇప్పటికీ అనుకుంటాను, నన్ను ఆ ఊరికి తీసుకెళ్లింది అదే. కాకపోతే మనుషులను అనుమానించినంత నేను గీసిన చుక్కను అనుమానించలేదు. అది నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఎవరైనా ఎందుకు దాస్తున్నారని అడిగే ముందు, చెబితే వాళ్లకు ఏం పోతుందో అడగాలని ఇప్పుడు నోట్సు మొదటి పేజీలో రాసుకున్నాను. మీరు ఈ వైపు పట్టుపురుగుల ఊళ్లు చూడాలనుకుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. పొద్దున స్నానం చేసి దోమల క్రీమ్, సెంటు, పౌడరు ఏదీ పూసుకోకండి, నిండు చేతుల చొక్కా వేసుకోండి, గడప ముందున్న తడి గోనె మీద కాళ్లు తుడుచుకుని బయటే నిలబడి, పురుగు ఏ జ్వరంలో ఉందని అడగండి. అవ్వ వాసన చూసి లోపలికి రమ్మంటుంది.